ఖాళీ ట్యూబులో కప్ప: పరిశోధన నిధుల కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ సభ్యులకు,

నమస్కారం. జీవావరణ శాస్త్రంలో ఏ పరిశోధనకు డబ్బివ్వాలో, దేనికి వద్దో తేల్చే బల్లకు మీరు అటువైపు కూర్చుంటారు. నేను చాలా ఏళ్లుగా ఇటువైపు నిలబడి ఉన్నాను. నా రెండు ప్రపోజళ్ల సంగతి ముందు చెబుతాను.

మొదటి దాంట్లో ఒకే ప్రశ్న ఉంది. ఫలానా కప్ప జాతి కొన్ని చెరువుల్లో ఎందుకు తగ్గిపోతోంది, పక్క చెరువుల్లో ఎందుకు తగ్గడం లేదు? రాత్రిళ్లు తిరిగి అరుపులు వింటాం, గుడ్ల గుత్తులు లెక్కపెడతాం, ఆరేళ్లు పడుతుంది అని రాశాను. "ఆధునిక పద్ధతులు లేవు" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. మరుసటి ఏడాది అదే ప్రపోజల్‌ను డీఎన్ఏ అన్న మాట వీలైనన్ని చోట్ల చేర్చి పంపాను. మంజూరైంది! కాకపోతే మూడు పద్దులు కొట్టేశారు. రాత్రి సర్వేలు, మ్యూజియంలో భద్రపరిచే నమూనాలు, ఖాళీ శాంపిళ్లు. మూడో దాని పక్కన మార్జిన్‌లో ఎవరో పెన్నుతో రాశారు: "ఏమీ లేని నీళ్లకు పరీక్ష ఎందుకు?"

ఆ కమిటీ ఏదో ఇక్కడ అనవసరం. ఆ ప్రశ్నను మాత్రం మరిచిపోలేకపోయాను. ఈ ఉత్తరం దానికి జవాబే అనుకోండి.

నేను డీఎన్ఏకి శత్రువును కాను. అలా అనుకుంటారని భయపడి కాదు, నిజంగానే కాను. మా శాస్త్రంలో కళ్లతో తేలని సంగతులు ఎన్నో అది తేల్చింది. పిట్టల్నే తీసుకోండి. ఎక్కువ జాతులు జంటలుగా గూడు కట్టి పిల్లల్ని పెంచుతాయి కాబట్టి ఆ పిల్లలన్నీ ఆ జంటవే అని చాలాకాలం అనుకున్నారు. 1984లో బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టాక, మూడేళ్లకే దాన్ని పిచ్చుకల మీద వాడి చూశారు. ఆ తర్వాత ఒక్కో జాతి గుట్టూ బయటపడుతూ వచ్చింది. ఆస్ట్రేలియాలోని సూపర్బ్ ఫెయిరీరెన్ అనే చిన్న నీలం పిట్ట ఉంది. చూడ్డానికి ఆదర్శ దాంపత్యమే. పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు తండ్రి ఆ గూటి మగపిట్ట కాదని తేలింది. ఎన్ని బైనాక్యులర్లు పెట్టినా ఈ సంగతి తెలిసేది కాదు.

అయితే ఒక మాట. డీఎన్ఏ చెప్పింది "ఈ పిల్లకు ఈ మగపిట్ట తండ్రి కాదు" అని మాత్రమే. ఏ గూడు ఏ మగపిట్టది, పక్క గూడు ఎవరిది, తెల్లవారకముందే ఎవరు ఎవరి హద్దులోకి వెళ్లారు అన్నవి ఎలా తెలిశాయి? ఒక్కో పిట్ట కాలికి రంగురంగుల రింగులు తొడిగి, పొదల పక్కన ఏళ్ల తరబడి కూర్చుని నోట్సు రాసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ నోట్సు లేకపోతే ల్యాబ్ నుంచి వచ్చేది నంబర్ల పట్టిక. అంతే.

తిమింగలాల కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. స్కాట్ బేకర్, స్టీఫెన్ పలుంబి అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు జపాన్ మార్కెట్లో అమ్మే తిమింగలం మాంసం అసలు ఏ జాతిదో తెలుసుకోవాలనిపించింది. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పర్మిట్ లేకుండా ఆ మాంసాన్ని దేశం దాటించకూడదు. అందుకని డీఎన్ఏకి కాపీలు తీసే చిన్న పీసీఆర్ యంత్రాన్నే వెంట తీసుకెళ్లి హోటల్ గదిలో పెట్టుకున్నారు. మాంసంలోని డీఎన్ఏకి అక్కడే కృత్రిమంగా కాపీలు తీసి, ఆ కాపీల్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఫలితాలు 1994లో అచ్చయ్యాయి. అమ్మకానికి ఉండకూడని హంప్‌బ్యాక్, ఫిన్ తిమింగలాలు అందులో ఉన్నాయి. నాకు నచ్చేది యంత్రాన్ని హోటల్‌కి మోసుకెళ్లిన సాహసం కాదు. ప్రశ్న ముందు పుట్టింది, పనిముట్టు దాని వెనక నడిచింది. మా దగ్గర ఇప్పుడు తరచూ దీనికి తలకిందులుగా జరుగుతోంది. యంత్రం వచ్చేసింది, దానికేం పని చెప్పాలా అని వెతుకుతున్నాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఫీల్డ్ వాళ్లం మేము తప్పులు చేయమనీ అనను. పైన్ మార్టెన్ అనే చిన్న మాంసాహారిని బ్రిటన్‌లో చాలావరకు దాని పెంటికలు చూసే సర్వే చేసేవారు. ఆకారం, వాసన చూసి గుర్తుపట్టేస్తామని అనుభవజ్ఞుల ధీమా. 2002లో ఆ పెంటికల డీఎన్ఏ చూస్తే, నిపుణులు సైతం నక్క పెంటికను మార్టెన్‌దని పొరబడుతున్నారని తేలింది. ఆ పేపర్ చదివిన రోజు నేను మనసులోనే ఎన్ని పాత సర్వేలు కొట్టేసుకున్నానో చెప్పను.

అందుకే నా గోడు డీఎన్ఏకి డబ్బివ్వడం మీద కాదు. దానికి ఇచ్చి, దాని మాటకు అర్థం చెప్పేవాటికి కోత పెట్టడం మీద.

ఐల్ రాయల్ తోడేళ్ల సంగతి చూడండి. అమెరికాలో సుపీరియర్ సరస్సు నడుమ ఉన్న ఆ దీవిలో తోడేళ్లనూ మూస్ దుప్పుల్నూ 1958 నుంచి ఎడతెగకుండా గమనిస్తున్నారు. చలికాలంలో విమానంలోంచి లెక్కపెట్టడం, నేల మీద పెంటికలూ ఎముకలూ ఏరడం. కొత్తగా ఏమీ కనిపెట్టడం లేదని విసుక్కోదగ్గ పనే. 1980లో 50 ఉన్న తోడేళ్లు, కుక్కల నుంచి వచ్చిన పార్వోవైరస్ దెబ్బకు రెండేళ్లలో 14కి పడిపోయాయి. ఆ తర్వాత పెద్దగా కోలుకోలేదు. 1997లో ఒక మగ తోడేలు గడ్డకట్టిన సరస్సు మీద నడుచుకుంటూ దీవికి వచ్చింది. అది బయటిదని అప్పుడు ఎవరికీ తెలియదు. పెద్దదిగా ఉంది, వయసుతో పాటు రంగు వెలిసింది, అంతే. దానికి ముద్దుగా ఓల్డ్ గ్రే గై అని పేరు పెట్టుకున్నారు. ఏళ్లు గడిచాక పెంటికల్లోంచి తీసిన డీఎన్ఏ చూస్తే అసలు కథ బయటపడింది. ఒక్క తోడేలు రక్తంతో మంద మొదట పుంజుకుంది. తర్వాత అదే మొత్తం మంద రక్తమైపోయింది. అన్నీ దాని సంతానమే కావడంతో మళ్లీ దగ్గరి రక్తంలోనే సంబంధాలు మొదలయ్యాయి. చివరికి రెండే మిగిలాయి. ఒకటి తండ్రి, ఒకటి కూతురు, పైగా ఇద్దరికీ తల్లి ఒకతే. 2018, 2019ల్లో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదలాల్సి వచ్చింది.

ఈ కథలో డీఎన్ఏ పరీక్షకు పట్టిన సమయం ఎంత, ఫీల్డ్ పనికి పట్టిన సమయం ఎంత? చిన్న మందలోకి కొత్త రక్తం వస్తే ఎంతకాలం పనిచేస్తుంది అన్న ప్రశ్న ఎక్కడ చూసినా వినిపిస్తుంది. ఫ్లోరిడా ప్యాంథర్లకు 1995లో టెక్సస్ నుంచి అదే జాతికి చెందిన ఎనిమిది ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలింది దాని కోసమే. ఒడిశాలోని సిమిలిపాల్ నల్లపులుల్లో ఒక అరుదైన జన్యుమార్పు అంతగా ఎలా వ్యాపించిందని అడిగితే, ఆ పులులు ఇతర పులులకు దూరంగా విడిపోయి ఉన్నాయన్న సంగతి దగ్గరికే వెళ్లాలి. కానీ కొత్త రక్తం వచ్చింది మొదలు ఆఖరి జంట దాకా ఏడాదికేడాది చూడగలిగిన చోటు ఐల్ రాయల్. కారణం డీఎన్ఏని చదివే సీక్వెన్సర్ యంత్రం కాదు. అప్పటికి ఎందుకు పనికొస్తాయో పూర్తిగా తెలియని పెంటికల్ని ఎవరో సంచుల్లో వేసి, తేదీ రాసి దాచారు. మీ ఫారాల్లో ఆ పనికి ఒక గడి లేదు. "నమూనాల నిల్వ" అని రాస్తే "సంస్థ సొంత ఖర్చు" అంటారు.

ఇక నీళ్ల సంగతి. ఇప్పుడు మీ దగ్గరకు వచ్చే ప్రపోజళ్లలో ఎక్కువ పర్యావరణ డీఎన్ఏ గురించేనని నా అంచనా. జంతువుల ఒంటి నుంచి చర్మపు పొట్టు, జిగురు, మలం రాలుతూ ఉంటాయి. జంతువు కనిపించకపోయినా నీళ్లలో దాని డీఎన్ఏ దొరుకుతుంది. 2008లో ఫ్రాన్స్ చెరువుల్లో అమెరికన్ బుల్‌ఫ్రాగ్ ఉందో లేదో నీళ్లు చూసే చెప్పగలిగారు. అప్పట్నుంచి ఈ పద్ధతి అంటువ్యాధిలా పాకింది. నీళ్లతో ఆగలేదు. 2022లో రెండు బృందాలు జంతుప్రదర్శనశాలల్లో గాలిని ఫిల్టర్ చేసి అక్కడి జంతువుల డీఎన్ఏ పట్టాయి. కోపెన్‌హాగెన్ బృందానికైతే ఒక చిన్న కొలనులోని గప్పీ చేప కూడా గాలిలో తగిలింది. వియత్నాం అడవుల్లో జలగలు తాగిన రక్తంలోంచి, కెమెరాకు కూడా సరిగా చిక్కని ఒక చారల కుందేలు జాడ తీశారు. చదువుతుంటే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది.

మా చెరువుల దగ్గర జరిగింది ఇది. మీరు ఖాళీ శాంపిళ్ల పద్దు కొట్టేశాక, మనసొప్పక రెండు మాత్రం సొంత డబ్బుతో పెట్టుకున్నాం. ఖాళీ శాంపిల్ అంటే పెద్ద విద్య కాదు. సీలు వేసిన స్వచ్ఛమైన నీళ్ల బాటిల్‌ను చెరువు దాకా మోసుకెళ్లాలి. అక్కడ మూత తీయాలి. చెరువు నీళ్లను ఎలా ఫిల్టర్ చేశామో వీటినీ అలాగే, అదే పంపుతో, అవే చేతులతో ఫిల్టర్ చేయాలి. ఆ తెల్లటి ఫిల్టర్ పేపర్ని పటకారుతో మడిచి ట్యూబులో పెట్టి, మిగతావాటితో పాటే ఐస్‌బాక్సులో వేయాలి. అందులో ఏమీ ఉండకూడదు. ఏమైనా ఉంటే అది చెరువుది కాదు, మాది.

31 చెరువుల్లో 23 చోట్ల కప్ప ఉందని వచ్చింది. ల్యాబ్‌లో అందరం సంబరపడ్డాం. ప్లేటు చివరి వరుసలో ఖాళీ శాంపిల్ ఉంది. కప్ప డీఎన్ఏ ఉంటేనే గీత పైకి లేస్తుంది. స్క్రీన్ మీద దాని గీత నేలబారుగా సాగుతూ సాగుతూ, కాపీలు తీసే 37వ విడత (సైకిల్) దగ్గర నెమ్మదిగా తల ఎత్తింది. నా పక్కనున్న విద్యార్థి "సార్, మెషీన్ ప్రాబ్లమేమో" అంది. మెషీన్ బాగానే ఉంది. ఎవ్వరూ కప్ప పెట్టని ట్యూబులో కప్ప ఉంది.

మూడు వారాలు టెన్షన్. కప్ప డీఎన్ఏని వెతికిపట్టే ప్రైమర్లు మార్చాం, నీళ్లు మార్చాం, బల్లలన్నీ బ్లీచింగ్‌తో తుడిచాం. చివరికి దొరికింది ఐస్‌బాక్స్ మూత. అంతకుముందు సీజన్‌లో అదే పెట్టెలో కప్పల కణజాలం నమూనాలు మోశాం. కడిగాం కూడా. మూత అంచున ఉన్న రబ్బరు పట్టీ కింద మాత్రం ఎవరూ తుడవలేదు. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఆ మూత తీయడం, అదే చేత్తో ఫిల్టర్ పేపర్ పట్టుకోవడం. కొత్త సామానుతో అన్ని చెరువులూ మళ్లీ తిరిగాం. 23 కాస్తా 14 అయింది. మధ్యలో ఉన్న ఆ తొమ్మిది చెరువుల్లో కప్పలు హాయిగా ఉన్నాయని మీకు రిపోర్టు పంపి ఉండేవాళ్లం. దాన్ని ఆధారం చేసుకుని ఆ తొమ్మిదింటినీ ఎవరో కాపాడాల్సిన చెరువుల జాబితా నుంచి తీసేసేవారు.

ఏమీ లేని నీళ్లకు పరీక్ష అందుకండీ.

ఇంకో సంగతి దీనికి సరిగ్గా ఎదురు. మిగిలిన చెరువుల్లో ఒకటి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది, చుట్టూ రాలిన ఆకులు నానడం వల్ల. డీఎన్ఏ పరీక్షలో కప్ప లేదు. రాత్రి సర్వేల పద్దు మీరు కొట్టేశారు కాబట్టి అధికారికంగా మేం రాత్రి అక్కడికి వెళ్లలేదు. అనధికారికంగా ఒక రాత్రి పంపు మరిచిపోయి దానికోసం వెళ్లాం. కప్ప అరుస్తోంది. ఒకటి కాదు, నాలుగైదు. కుళ్లిన ఆకుల నుంచి నీళ్లలోకి దిగే హ్యూమిక్ పదార్థాలు పీసీఆర్‌ను ఆపేస్తాయి. కప్ప డీఎన్ఏ ట్యూబులోనే ఉంది, యంత్రానికి గొంతు పెగల్లేదు. శాంపిల్‌ను పది రెట్లు పలచన చేసి మళ్లీ పెడితే వచ్చింది. ఎండ, వేడి ఉన్న నీళ్లలో డీఎన్ఏ కొద్ది రోజుల్లోనే ముక్కలైపోతుంది. చల్లటి బురదలోనైతే వేల ఏళ్లు ఉంటుంది. పారే నీళ్లలో ఎక్కడిదో ఇంకెక్కడో తేలుతుంది. అమెరికాలో షికాగో దగ్గరి కాలువల్లో ఏషియన్ కార్ప్ అనే చేప డీఎన్ఏ పదేపదే దొరికింది, చాలాచోట్ల చేప మాత్రం వలకు చిక్కలేదు. ఆ డీఎన్ఏ పడవల అడుగున అంటుకుని వచ్చిందా, పక్షుల రెట్టలో వచ్చిందా, నిజంగా చేపే వచ్చిందా అని ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. కాబట్టి రిపోర్టులో "లేదు" అని ఉంటే దాన్ని "మా పరీక్షకు దొరకలేదు" అని చదువుకోండి. "ఉంది" అని ఉంటే "దాని డీఎన్ఏ ఇక్కడికి వచ్చింది" అని చదువుకోండి. నెస్సీ అనే వింత జంతువు ఉందని చెప్పుకునే స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో 2018లో నీళ్లు పట్టి చూస్తే సరీసృపాల డీఎన్ఏ ఏదీ దొరకలేదు, ఈల్ చేపలది మాత్రం పుష్కలంగా దొరికింది. నెస్సీ భక్తులు మాత్రం ఆ "లేదు"ను ఒప్పుకోలేదు. ఈ ఒక్క విషయంలో వాళ్ల తర్కం మాకంటే బాగుందేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మ్యూజియం నమూనాల పద్దు మిగిలింది. సీక్వెన్స్, అంటే డీఎన్ఏ అక్షరాల వరుస, వచ్చాక దాన్ని దేనితోనో పోల్చి పేరు పెట్టాలి. ఆ పోల్చే లైబ్రరీలో పేర్లు పెట్టింది మనుషులే. ఒకసారి మాకు ఒక నత్త 99 శాతం సరిపోలిందని వచ్చింది. సరిపోలిన జాతి వేరే ఖండంలో బతుకుతుంది. మా నత్తకు దగ్గర చుట్టం ఒకటి మా చెరువుల్లోనే ఉంది, దాని సీక్వెన్స్ మాత్రం లైబ్రరీలో లేదు. యంత్రం పాపం, ఉన్నవాళ్లలో పోలిక ఉన్నవాడి పేరు చెప్పింది. లైబ్రరీలో పేరే తప్పుగా ఎక్కిన సీక్వెన్సులు కూడా ఉంటాయి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు.

చిన్న డీఎన్ఏ ముక్కతో జాతిని గుర్తుపట్టే బార్‌కోడింగ్‌కు పేరు తెచ్చిన కథనే చూడండి. 2003లో పాల్ హీబర్ట్ ఒకే ఒక్క చిన్న జన్యుభాగంతో జంతువుల జాతుల్ని గుర్తుపట్టవచ్చన్నారు. మరుసటి ఏడాది కోస్టారికాలో, 1775 నుంచి ఒకే జాతిగా లెక్కలో ఉన్న ఒక సీతాకోకచిలుక నిజానికి పది జాతులని తేల్చారు. ప్రపంచమంతా బార్‌కోడ్‌ను మెచ్చుకుంది. ఆ పదీ నిజంగా వేరని నమ్మకం కలిగించింది ఏమిటి? ఎదిగిన సీతాకోకచిలుకలు దాదాపు ఒకేలా ఉంటాయి. గొంగళిపురుగులు మాత్రం వేరువేరు రంగుల్లో ఉంటాయి, వేరువేరు మొక్కల ఆకులు తింటాయి. డాన్ జాన్జెన్, వినీ హాల్వాక్స్ బృందం ఇరవై ఏళ్లకు పైగా గొంగళిపురుగుల్ని ఒక్కోదాన్నే పెంచి, ఏ ఆకు మీద దొరికిందో రాసి, చీడగా కాకుండా చంటిబిడ్డల్లా చూసుకుంది. ఇంత ఉన్నా వాదన ఆగలేదు. అదే డేటా చూసి పదికి ఆధారం చాలదు, మూడుకు తక్కువ కాదు ఏడుకు ఎక్కువ కాదు అని 2006లో ఇంకొకరు రాశారు. మళ్లీ తిరగేసి వాదించుకోవడానికి ఆ సీతాకోకచిలుకలు పిన్నులకు గుచ్చి పెట్టెల్లో ఉన్నాయి. మా నత్త పెంకును దాచడానికి మీరు డబ్బివ్వలేదు.

లెక్కల సంగతి క్లుప్తంగా. పెంటికల డీఎన్ఏతో జంతువుల్ని లెక్కపెట్టేటప్పుడు ఒక్క చోట తప్పు చదివితే అది కొత్త జంతువైపోతుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు తోడేళ్ల విషయంలో ఈ పొరపాట్లు సరిచేయకపోతే అంచనా అసలు సంఖ్యకు కొన్ని రెట్లు పెరిగిపోతుందని 2003లో చూపించారు. అందుకే ఒకే శాంపిల్‌ను పలుమార్లు పరీక్షిస్తాం. మీకు అది దుబారాగా కనిపిస్తుంది.

నేను అడిగేవి పెద్దవి కావు. మీ మార్కుల పట్టికలో "మాలిక్యులర్ (డీఎన్ఏ) విభాగం ఉందా?" అన్న గడి తీసేయండి. దాని బదులు "ఏ జవాబు వస్తే ఏ నిర్ణయం మారుతుంది?" అని అడగండి. చాలా ప్రపోజళ్లు, నా పాతవి రెండు మూడు సహా, అక్కడే ఆగిపోతాయి. డీఎన్ఏ అడిగిన ప్రతి ప్రపోజల్‌లో ఖాళీ శాంపిళ్లు, మళ్లీ చేసే పరీక్షలు ఎన్నో చూడండి. లేకపోతే తిప్పి పంపండి, ఉంటే కొట్టేయకండి. జాతుల్ని చూసి గుర్తుపట్టగలిగిన మనిషి జట్టులో ఉన్నారో లేదో చూడండి. రిటైరైన వాళ్లయినా ఫర్వాలేదు, ఇంకా నత్త పెంకులు గుర్తుపట్టేది వాళ్లే. ప్రాజెక్టు మూడేళ్లకు ముగిసినా ఫ్రీజర్ ముగియదు, దాని కరెంటు బిల్లుకు ఒక పద్దు పెట్టండి. వచ్చే పనిముట్లు ఏమిటో మనకు తెలియదు కానీ వాటికి పాత శాంపిళ్లు కావాల్సి వస్తాయని ఐల్ రాయల్ వాళ్లకు తెలిసొచ్చింది.

ఇంకో చిన్న మనవి, వీలైతేనే. ఏడాదికి ఒకసారి మీలో ఒకరు మాతో ఫీల్డ్‌కు రండి. రబ్బరు బూట్లు మేమే ఇస్తాం. నీళ్లు పట్టడం పది నిమిషాల పని, ఫిల్టర్ మూసుకుపోతే గంట. రాత్రి దాకా ఉంటే అరుపులు కూడా వినొచ్చు.

చెరువుల మీద నా కొత్త ప్రపోజల్ మీ దగ్గరకు వచ్చే నెల చేరుతుంది. అందులో డీఎన్ఏ అన్న మాట అవసరమైన చోటే ఉంది. ఖాళీ శాంపిళ్లు ఈసారి రెండు కాదు, చెరువుకొకటి, మొత్తం 31. పదకొండో పేజీలో ఉంటుంది. ఐస్‌బాక్స్ కూడా కొత్తది అడిగాను.

ఇట్లు,
చెరువుల దగ్గర నీళ్లు పట్టే ఒక పరిశోధకుడు